పిలిచినంతనే వచ్చువాడు

*ఆదివారము మిట్టమధ్యాహ్నము వీధులను నిర్మానుష్యము గావించిన ‘శక్తిమాన్’ వెండితెరకు రానున్నాడన్న మాట కొంతకాలముగా వినవచ్చుచున్నది. వచ్చునో రాడో గాని, నలుబదేండ్లకు చేరువైన ఒక తరము ఆ పేరు వినినంతనే ఎందులకు చిరునవ్వు నవ్వుచున్నది?*

1998 ప్రాంతపు ఒక ఆదివారము, పగలు పదకొండుముక్కాలు, గోదావరి కాలువగట్టున నున్న ఒక పల్లె. కుంకుడుకాయ పులుసుతో తలంటి పోయగా కన్నులు ఇంకను మండుచున్న పిల్లలు కొందరు, చర్చిలో పాస్టరుగారి ప్రసంగము ఎప్పటికి ముగియునా యని వేచి వేచి, చివరి ‘ఆమేన్’ చెవిని బడిన మరుక్షణమే చెప్పులు చేత బుచ్చుకొని పరుగెత్తి వచ్చినవారు కొందరు, పెరటిలో నాటుకోడిని కాల్చుచుండగా చుట్టు మూగి చూచుట యను ఆదివారపు వినోదమును సైతము త్యజించి వచ్చినవారు మరికొందరు — ఇట్లు వీధిలోని బాలలోకమంతయు ఒక పెంకుటింటి అరుగు మీద చేరి, చెక్కతలుపులు మూసియున్న టీవీ పెట్టెను తెర వేసియున్న గర్భాలయమును చూచునట్లు చూచుచున్నది.

“అత్తయ్యగారూ, టీవీ పెడతారా అండీ?”

“ముందు కాళ్ళు కడుక్కుని రండర్రా. అరుగు మీద మట్టి కనపడిందంటే తలుపులు మూసేస్తాను.”

కాళ్ళు కడుగుట ముగిసెను, తలుపులు తెరచుకొనెను, తెరపై చీమలదండు తప్ప మరేమియు కానరాలేదు. వెదురుగడకు కట్టిన ఏంటెన్నాను త్రిప్పుటకు ప్రహరీగోడ యెక్కిన కుర్రవానికిని, కిటికీలో తల దూర్చి తెరను కనిపెట్టుచున్న మరియొకనికిని నడుమ రాయబారము సాగెను.

“ఇప్పుడొచ్చిందా బావా?”

“వచ్చింది గానీ ఒక్కొక్కడూ ఇద్దరుగా కనపడుతున్నాడ్రా! ఇంకొంచెం రాజమండ్రి వైపు తిప్పు!”

పన్నెండు గంటలయ్యెను. గోడ మీది కుర్రవాడు దిగి వచ్చులోపల పేర్లు పడుట ముగిసిపోయెను. అయినను వాని త్యాగమునకు గుర్తింపుగా ముందువరుసలో చోటు అట్టిపెట్టబడి యుండెను. కుడిచేతిని ఆకాశమునకెత్తి, నిలుచున్న చోటనే గిరగిర తిరిగి, ఏ గోడనైన ఛేదించుకొని ఆపన్నుల చెంత వాలు మహావీరుడొకడు ఆ చిన్నతెరపై ప్రత్యక్షమయ్యెను. అతని ఉడుపు ఏ రంగుదో ఆ నలుపు తెలుపుల పెట్టె ముందు కూర్చున్నవారిలో ఒక్కరికిని తెలియదు. నీలమని కొందరు, పచ్చయని కొందరు వాదించుకొనుచుండగా, పట్నములో మేనమామ ఇంట రంగుల టీవీ చూచి వచ్చిన బాలిక యొకతె “ఇటుకరాయి రంగే, మధ్యలో బంగారం చక్రం ఉంటుంది” అని తీర్పు చెప్పినపుడు, ఆ సభలో ఆమె గౌరవము ఒక్కసారిగా పెరిగెను.

మరల ఈ ప్రస్తావన ఏల?

2022 ఫిబ్రవరిలో సోనీ పిక్చర్స్ సంస్థ శక్తిమాన్ కథను భారీ చలనచిత్రముగా నిర్మించెదమని ప్రకటించినది మొదలు ఈ చర్చ రగులుచునే యున్నది. నాయకపాత్రకు హిందీ నటుడు రణవీర్ సింగ్ పేరు వినబడుటయు, ఆ పాత్రను సృష్టించి ధరించిన ముకేశ్ ఖన్నా దానికి 2024లో బహిరంగముగా అభ్యంతరము తెలుపుటయు, ఆ మాటపై జనులు రెండు పక్షములుగా చీలి వాదించుకొనుటయు జరిగినవి. ఆ వాదములో పాల్గొన్నవారెవరు? గృహఋణపు వాయిదాలు కట్టుచు, పిల్లలను బడికి దింపుచు, కాలమునకు ముందే నెరసిన వెండ్రుకలకు రంగు వేసికొనుచున్న పెద్దలు. దేశమునందలి సమస్త వ్యవహారములను తర్కబుద్ధితో పరికింపగల వీరు, శక్తిమాన్ ప్రసక్తి వచ్చుటతోడనే పదేండ్ల పిల్లలై, తమ యింటి వస్తువును ఎవరో అడుగకయే తీసికొనిపోవుచున్నట్లు కలవరపడుట విచారింపదగిన విషయము.

భీష్ముడు పిల్లల లోగిలికి వచ్చుట

1988 అక్టోబరు 2న ఆరంభమై 1990 జూన్ 24న ముగిసిన బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ ధారావాహికయందు భీష్మపాత్ర ధరించిన ముకేశ్ ఖన్నాను, అటుపిమ్మట ఆంధ్రదేశమున సైతము అందరును భీష్ముడనియే ఎరుగుదురు. ఆ పేరు తన అదృష్టమని యెంచి కాబోలు, తాను స్థాపించిన నిర్మాణసంస్థకు సైతము ఆయన భీష్ముని పేరే పెట్టుకొనిరి. ఆ సంస్థ నిర్మింపగా, దినకర్ జానీ దర్శకత్వమున, 1997 సెప్టెంబరు 13న దూరదర్శన్ జాతీయ వాహినిలో శక్తిమాన్ అవతరించెను. తెల్లని గడ్డముతో అంపశయ్యపై పవళించిన కురువృద్ధుడు, ఏడేండ్లు తిరుగునప్పటికి బిగుతైన ఉడుపు తొడిగి ఆకాశమున ఎగురుట చూచిన పెద్దలు మొదట ముక్కున వేలు వేసికొనిరి. పిల్లలకు మాత్రము అందులో వింత యేమియు తోచలేదు. బ్రహ్మచారియు, మాట తప్పనివాడును, పెద్దవాడును అగుటచేత భీష్ముడు వారికి మునుపే నమ్మదగిన మనిషి.

ఆ కాలపు పరిస్థితులను కూడ గమనింపవలెను. దూరదర్శన్‌కు స్వయంప్రతిపత్తి కల్పించు ప్రసార భారతి చట్టము అమలులోనికి వచ్చినది ఆ తొలిప్రసారమునకు రెండు దినముల తరువాతనే. 1995లోనే ఈటీవీ, జెమినీ వంటి తెలుగు ఉపగ్రహవాహినులు వెలసి, కేబులు తీగ చేరిన పట్టణములలో దూరదర్శన్ పట్టు సడలుచుండెను. కాని తీగ చేరని పల్లెలు అసంఖ్యాకములు. అక్కడ ఏంటెన్నాయే గతి, దూరదర్శనే దిక్కు. నిర్మాత ప్రసారసమయమునకు రుసుము చెల్లించి, ప్రకటనలను తానే తెచ్చుకొనవలసిన ఆనాటి పద్ధతిలో, పార్లే-జి బిస్కత్తుల సంస్థ ఈ ధారావాహికకు ప్రాయోజకత్వము వహించెను. అందుచేత ఆదివారము పన్నెండు గంటలకు వీరుని చూచుటయు, ఆ బిస్కత్తును పాలలోనో టీలోనో ముంచి అది విరిగి పడులోపల నోట వేసికొనుటయు ఒకే జ్ఞాపకముగా ముడివడిపోయినవి.

> శక్తిమాన్ జాతకచక్రము
>
> తొలిప్రసారము: 1997 సెప్టెంబరు 13
>
> తుదిప్రసారము: 2005 మార్చి 27
>
> భాగములు: 400కు పైగా
>
> శక్తిమాన్, గంగాధర్: ముకేశ్ ఖన్నా
>
> గీతా విశ్వాస్: తొలుత కిటూ గిద్వానీ, తరువాత వైష్ణవీ మహంత్
>
> తమ్రాజ్ కిల్విష్: సురేంద్ర పాల్. ‘మహాభారత్’లో ద్రోణుడు ఈయనయే, అచట ఒకే సేనలో నిలిచిన భీష్మద్రోణులు ఇచట ఎదురెదురు నిలిచిరి.
>
> డాక్టర్ జైకాల్: లలిత్ పరిమూ. ‘పవర్’ అను ఒక్క మాటను సాగదీసి పలుకుటలోనే ఈతని విలనీ యంతయు ఇమిడియుండెను.

పళ్ళు ఎత్తుగా నున్న దేవుడు

శక్తిమాన్ వీరుడై యున్నపుడు గంభీరుడు. పిల్లలు అంతకంటెను గాఢముగా ప్రేమించినది మాత్రము అతని మారువేషమును. పండిత గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకారనాథ శాస్త్రి యను కొండవీటి చాంతాడంత పేరు గలిగి, ముందుకు పొడుచుకొని వచ్చిన పళ్ళతో, వెడల్పాటి కళ్ళజోడుతో, నూనె కారు తలకట్టుతో, ‘ఆజ్ కీ ఆవాజ్’ అను పత్రికలో ఛాయాచిత్రగ్రాహకుడుగా పనిచేయుచు, అడుగడుగున తొట్రుపడుచు, అందరిచేతను చీవాట్లు తినుచుండు ఆ అమాయకుని వెనుక బ్రహ్మాండశక్తి దాగియున్నదని ఎరిగినవారు తెర ముందున్న పిల్లలు మాత్రమే. పత్రికలో ఉద్యోగమును, కళ్ళజోడును చూచినవారికి 1938లో అమెరికాలో పుట్టిన సూపర్‌మాన్ స్ఫురింపక మానడు. ఆ పోలిక దాచిన దాగునది కాదు.

అయితే ఆ అమెరికా వీరునికి బలము పుట్టుకతో వచ్చినది. ఈతనికి సాధనచేత వచ్చినది. సూర్యాంశి ఋషులు ఏరి తీర్చిదిద్దగా, యోగాభ్యాసముచేత కుండలినిని మేల్కొల్పి, షట్చక్రములను దాటి, పంచభూతములపై అధికారము సంపాదించినవాడు శక్తిమాన్. అరుగు మీద విసనకఱ్ఱతో కూర్చున్న నాయనమ్మకు హిందీ ముక్క రాకున్నను, తపస్సు, వరము, శిష్యుడు, రాక్షసుడు అను నాలుగు మెట్లు కనబడుటతో కథ పూర్తిగా బోధపడెను. కె.వి. రెడ్డి ‘పాతాళభైరవి’లో 1951లోనే యస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడై గుహలో మంత్రములు వల్లించుట చూచినవారు, విఠలాచార్య జానపద చిత్రములలో దయ్యములు కాళ్ళను పొయ్యిలో పెట్టుకొని వంట చేయుట చూచి నవ్వినవారు, చీకటిగుహలో కూర్చుండి లోకమంతయు అంధకారమయము కావలెనని గర్జించు కిల్విష్‌ను చూచి కొత్తవానిగా భావించుదురా? తెలుగువారి యింటికి శక్తిమాన్ వచ్చునప్పటికే అతనికి వేయవలసిన పీట సిద్ధముగా నుండెను.

ఇక ఇంద్రజాలము సంగతి. నటుని ఒక రంగు తెర ముందు చిత్రీకరించి, ఆ రంగును తొలగించి, వెనుక వేరొక దృశ్యము నతికించు ప్రక్రియయే ఇందులకు ఆధారము. అంచులు కరకుగా తెలియుచుండెను, ఎగురుచున్న వీరుని జుట్టు చుట్టు సన్నని గీత మెరయుచుండెను. నేడు ఏడేండ్ల పిల్లవాడు కూడ దానిని చూచి పకపక నవ్వును. నాటి పిల్లలకు ఆ గీత కనబడకపోలేదు. కనబడినను అది వారికి లోపముగా తోచలేదు. నాటకములో రాజుగారి కిరీటము అట్టతో చేసినదని తెలిసియు రాజును రాజనియే భావించు సంస్కారము మన వీధిభాగవతములను చూచిన జాతికి వెన్నతో పెట్టిన విద్య.

ఇరువది మార్కుల హిందీ

ఆంధ్రప్రదేశ్‌లో పదవతరగతి గట్టెక్కుటకు హిందీలో 20 మార్కులు వచ్చినచో చాలునన్న సంగతి ఆ తరమువారిలో ఎరుగనివారు లేరు. ఆ ఇరువదికిని గుడిలో కొబ్బరికాయ మ్రొక్కుకొనిన బాలురు, ఆదివారము పన్నెండు గంటలు కొట్టుటతోడనే హిందీ పండితులైపోవుచుండిరి. వీధికొక అనువాదకుడుండెను. తండ్రి ఉద్యోగరీత్యా భిలాయిలోనో, నాగపూరులోనో, ఖరగ్‌పూరులోనో కొన్నాళ్ళుండి వచ్చినవాడైనచో అతని వాక్కు వేదవాక్కు. అట్టివాడు లభింపనిచోట, ఉన్నవారిలో ధైర్యవంతుడొకడు ఆ బాధ్యత స్వీకరించి, తెలియని చోట్ల తానే కథ కల్పించి చెప్పుచుండెను. కిల్విష్ పూర్వజన్మలో శక్తిమాన్‌కు సొంత అన్నయనియు, ఆస్తి పంపకములో తగవు వచ్చి విడిపోయిరనియు ఒక వీధిలో ప్రచారమైనచో, పక్కవీధిలో వారిరువురును ఒకే గురువు వద్ద చదివిన సహాధ్యాయులని రూఢి యయ్యెను. సోమవారము బడిలో ఈ రెండు సంప్రదాయములవారికిని ఘోరమైన శాస్త్రచర్చ జరుగుచుండెను.

హైదరాబాదు, నిజామాబాదు, ఆదిలాబాదు ప్రాంతముల పిల్లలకు ఈ యిబ్బంది లేదు. వీధిలో ఉర్దూ వినుచు, బేరము దక్కనీలో చేయుచు పెరిగినవారగుటచేత, వారికి సంభాషణయంతయు సులభగ్రాహ్యమే. శ్రీకాకుళమునుండి హైదరాబాదునకు చదువునకై వచ్చిన ఒకడు వసతిగృహములో తెలంగాణ మిత్రులతో మాట్లాడుచు, తాను ఏండ్లపాటు నమ్మిన కథ వేరు, అసలు కథ వేరు అని గ్రహించి నిర్ఘాంతపోయిన ఉదంతములు ఆ తరమువారు కలిసినపుడు నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. అసలు కథకంటె తమ వీధికథయే బాగున్నదని వారిలో పలువురి దృఢవిశ్వాసము.

> తెలుగునేలపై చిన్నతెర
>
> 1975–76: ఉపగ్రహము ద్వారా బోధనాప్రసారములు జరుపు ‘సైట్’ ప్రయోగము; ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రములందు సుమారు 2,400 గ్రామములు
>
> 1977 అక్టోబరు 23: హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభము
>
> 1982: దేశమున రంగుల ప్రసారములు
>
> 1987 జనవరి 25: రామానంద సాగర్ ‘రామాయణ్’ ఆరంభము, ఆదివారము ఉదయము వీధులు బోసిపోవు సంప్రదాయమునకు నాంది
>
> 1995: తెలుగు ఉపగ్రహవాహినులు
>
> 1997: శక్తిమాన్

క్షమించుట తెలిసిన న్యాయస్థానము

ఆనాటి పిల్లలు నేడు అన్నిటికంటె మురిపెముగా తలచుకొనునది యుద్ధములను కాదు. కథ ముగిసిన పిదప వచ్చు ఆ చిన్న నీతిఘట్టమును. ‘ఛోటీ ఛోటీ మగర్ మోటీ బాతేఁ’ అను పేర నడచిన ఆ భాగములో, ఒక పిల్లవాడో పిల్లయో ఏదో చిన్న తప్పు చేయుదురు: చెత్త వీధిలో వేయుట, పెద్దల మాట పెడచెవిని బెట్టుట, అబద్ధమాడుట వంటివి. శక్తిమాన్ ప్రత్యక్షమై, కసరక, కొట్టక, ఎందులకు తప్పో వివరించును. పిల్లవాడు తల వంచుకొని ‘సారీ శక్తిమాన్’ అనును. అంతటితో వ్యవహారము ముగియును. శిక్ష లేదు, దెప్పిపొడుపు లేదు, మీ నాన్నగారితో చెప్పెదనను బెదిరింపు లేదు.

ఈ మాటలోని మాధుర్యము తెలియవలెనన్నచో ఆనాటి న్యాయవ్యవస్థ యెట్టిదో గుర్తు తెచ్చుకొనవలెను. బడిలో గోడకుర్చీ, తొడపాశము, బెంచీ ఎక్కి నిలుచుట, చింతబరికె. ఇంట వీపున విమానమోత. తప్పు చేసినవాడు తప్పును ఒప్పుకొన్నచో దెబ్బలు తగ్గుననుటకు హామీ లేదు. పలుమారులు ఒప్పుకొన్నవానికే రెండు ఎక్కువ తగులుచుండెను. అట్టి లోకములో, ఒప్పుకొన్న మరుక్షణమే క్షమించి, తల నిమిరి, చిరునవ్వుతో మాయమగు పెద్దమనిషి ఒకడుండుట పిల్లలకు ఆశ్చర్యము, ఆపైన ఆశ. ప్రహరీగోడ వెనుక, మంచము క్రింద, ఉతికిన దుప్పట్లు ఆరవేసిన దండెము చాటున చేరి, ఇంట ఎవరికిని చెప్పలేని తప్పును మెల్లగా ‘సారీ శక్తిమాన్’ అని చెప్పుకొని బరువు దించుకొన్నవారు ఎందరో.

ఎగురుట, తిరుగుట, గోడలు పగులగొట్టుట అనునవి వట్టి వేడుకలు. ఆ ధారావాహిక పిల్లలకిచ్చిన అసలు వరము మరియొకటి: పిలిచినచో వచ్చువాడొకడున్నాడన్న నమ్మకము. కష్టములో నున్నవారు ఎలుగెత్తి పిలుతురు; అతడు ఎక్కడనున్నను వినును; వినినంతనే బయలుదేరును. గజేంద్రుని మొర వినినంతనే శంఖచక్రముల నైన సవరించుకొనక కదలి వచ్చిన హరి కథను నాయనమ్మల నోట వినిన పిల్లలకు ఈ మాట కొత్తది కాదు. పురాణములోని దేవుడు ఎన్నడో వచ్చినవాడు; ఈతడు మాత్రము ప్రతి ఆదివారము వచ్చుచుండెను.

నమ్మకము ప్రమాదమైన వేళ

ఇంతటి నమ్మకము కేవలము మధురస్మృతిగా మిగులలేదు. శక్తిమాన్ వచ్చి కాపాడునని తలచి పిల్లలు మేడలమీదినుండి దుమికిరనియు, నిప్పుతో చెలగాటమాడిరనియు దేశము నానాచెరగులనుండి పత్రికలలో వార్తలు వచ్చెను. తల్లిదండ్రులు భయపడిరి; ధారావాహికను నిలిపివేయవలెనని కొందరు కోరిరి. ఆ వార్తలలో పెక్కింటిని ముకేశ్ ఖన్నా తోసిపుచ్చిరి. అయినను, తెరపై చూపు విన్యాసములు నిజము కావని, వానిని అనుకరింపరాదని, తామే స్వయముగా తెరపై నిలిచి పిల్లలకు హెచ్చరికలు చెప్పసాగిరి. ఎగురగలనని ఆదివారము చూపినవాడే, ఎగురలేనని అదే ఆదివారము చెప్పవలసి వచ్చెను.

ఆ హెచ్చరికను పిల్లలు ఎట్లు గ్రహించిరో తెలిసికొన్నచో పెద్దలకు నవ్వును భయమును ఒక్కమారే కలుగును. “మనం నమ్మేస్తే రహస్యం బయటపడుతుందని అలా చెబుతున్నాడ్రా” అని ఒక అన్న తన తమ్మునికి ఊరట చెప్పిన తీరు వంటివి ఆ కాలమున ఇంటింట వినబడినవే. గంగాధరుడు తాను శక్తిమాన్‌నని ఎవరికిని చెప్పడు గదా. అట్లే ముకేశ్ ఖన్నా కూడ చెప్పకున్నాడని వారి తర్కము. బాల్యపు తర్కమునకు ఎట్టి హెచ్చరికయు చాలదు. కనుకనే ఇట్టి వీరుల నిర్మాతలకు బాధ్యత అధికము; ఆ వీరుని చూచు పిల్లల వెనుక కూర్చుండవలసిన పెద్దలకు మరింత అధికము. నాటి తల్లిదండ్రులలో పలువురు పిల్లలను టీవీ ముందు కూర్చుండబెట్టి, ఆ గంటసేపు ఇల్లు సద్దుమణిగినదని సంతోషించిరే గాని, తెరపై ఏమి జరుగుచున్నదో చూడలేదన్నది కూడ నిజమే.

చిన్న ప్రమాదములకు మాత్రము లెక్క లేదు. నిలుచున్నచోట గిరగిర తిరిగి తల తిరిగి పడి, స్తంభమునకు నుదురు తగిలి బొప్పి కట్టనివాడు ఆ తరములో అరుదు. ఆ బొప్పికి పసుపు పూయుచు తల్లి పలికిన పలుకులు శక్తిమాన్ వినియుండినచో, ఆయనయే వచ్చి ‘సారీ అమ్మా’ అనియుండును.

వీరుడు నిష్క్రమించెను

కార్టూన్ నెట్‌వర్క్ 1995లోనే భారతదేశమునకు వచ్చినను పల్లెలకు చేరుటకు కొన్నేండ్లు పట్టెను. శతాబ్ది మారునప్పటికి కేబులు తీగ కాలువగట్లను దాటి ఊరూరికి చేరసాగెను. 2004లో పోగో వచ్చెను. ఒకే వాహిని యున్నపుడు వీధియంతయు ఒకటే కథ చూచెను. పలు వాహినులు రాగా ఇంటికొక కథ, తరువాత గదికొక కథ, నేడు అరచేతికొక కథ అయినది. దీనికి తోడు ప్రసారరుసుము అంతకంతకు పెరిగి భారమైనదని, అదియే ముగింపునకు ముఖ్యకారణమని ఖన్నా పలు సందర్భములందు చెప్పియున్నారు. ఏడున్నర సంవత్సరములు సాగిన కథ 2005 మార్చి 27న ఆగెను. లోకమును చీకటిలో ముంచెదనని ఏండ్లతరబడి గర్జించిన కిల్విష్ చేతగాని పనిని లెక్కల పుస్తకము చేసి చూపినది. తొలినాటి ప్రేక్షకులు అప్పటికే కళాశాలలకు, కోచింగు కేంద్రములకు, ఎంసెట్ ర్యాంకుల చింతలకు వెడలిపోయి యుండిరి. వీడ్కోలు చెప్పుటకు అరుగు మీద ఎవరును లేరు.

2020 ఏప్రిల్‌లో, మహమ్మారి భయముచేత దేశమంతయు ఇండ్లలో బందీయైన వేళ, ‘రామాయణ్’, ‘మహాభారత్’లతో పాటు శక్తిమాన్‌ను కూడ దూరదర్శన్ తిరిగి ప్రసారము చేసెను. ఒకప్పుడు అరుగుల మీద కూర్చుండి చూచినవారు, హైదరాబాదు అపార్టుమెంట్లలో తమ పిల్లలను పక్కన కూర్చుండబెట్టుకొని, “ఇప్పుడు చూడు, ఎలా తిరుగుతాడో!” అని ఉత్సాహముతో చూపిరి. పిల్లలు ఒకటి రెండు నిమిషములు మర్యాదకై చూచి, “నాన్నా, ఇది ఎప్పుడు ఫాస్ట్ అవుతుంది?” అని అడిగిరి. తండ్రులు చిన్నబుచ్చుకొనిరి, కొందరు లోలోపల తామును విసుగుచెందితిమని గ్రహించి మరింత చిన్నబుచ్చుకొనిరి. కథ నిజముగనే నెమ్మదిగా నడచుచున్నది, సంభాషణలు సాగుచున్నవి, ఆకాశయానము చూడ నవ్వు వచ్చుచున్నది. మారినది ధారావాహిక కాదు. ఏ నమ్మకముతో తాము దానిని నింపి చూచితిమో ఆ నమ్మకము ఇప్పుడు తమ వద్ద లేదని వారికి తెలిసినది.

అందువలన, రాబోవు చలనచిత్రము గూర్చి కలవరపడువారి కలవరము ఒక నటునికో, ఒక ఉడుపునకో సంబంధించినది కాదని తోచును. కోట్లు వెచ్చించి అంచున గీత లేకుండ వీరుని ఎగురవేయవచ్చును. పళ్ళు ఎత్తుగా లేని గంగాధరుని తేవచ్చును. తప్పు చెప్పుకొనుటకు చోటు, పిలిచినచో పలుకు దిక్కు, పక్కన కూర్చున్న ఇరువదిమంది నోళ్ళు తెరచి చూచుటచేత రెట్టింపైన విశ్వాసము — వీనిని ఏ సంస్థయు నిర్మింపజాలదు. నేటి పెద్దలు వాట్సాప్‌లో కిల్విష్ బొమ్మలు పంపుకొని నవ్వుకొనునపుడు, గంగాధరుడే శక్తిమాన్ అని ఎవరికిని తెలియని రహస్యమువలె ఒకరికొకరు చెప్పుకొని మురియునపుడు, డల్లాస్‌లో నున్నవాడు నర్సాపురములో నున్నవానికి అర్ధరాత్రి ‘సారీ శక్తిమాన్’ అని సందేశము పంపి అప్పు తీర్చుటకు గడువు కోరునపుడు, వారు ఒక ధారావాహికను స్మరించుట లేదు. ఒకప్పుడు తాము ఎంత సులభముగా నమ్మగలిగితిమో దానిని స్మరించుచున్నారు.

ఒక చిన్న నీతి

ప్రతిభాగము చివర నీతి చెప్పిన ధారావాహికను గూర్చి ఇంత దూరము వ్రాసి నీతి చెప్పకుండ విడుచుట మర్యాద కాదు, కాబట్టి చిన్నదొకటి. మీ బాల్యమును మీ పిల్లలకు చూపవలెనని పాతభాగములను వెదకి పెట్టి, వారు నవ్వలేదని, మెచ్చలేదని నొచ్చుకొనకుడు. వారికి వారి వీరులున్నారు. మీ వీరుడు వారికి తాతగారి పంచెకట్టు. కాని ఆ వీరుడు మీకిచ్చిన రెండు వస్తువులు ఏ కాలపు పిల్లలకైనను సరిపోవును. మొదటిది: తప్పు ఒప్పుకొన్నవానిని అక్కడితో విడిచిపెట్టుట, నిన్నటి తప్పును రేపటి కోపమునకు దాచియుంచకుండుట. రెండవది: పక్కగదిలోనుండి “నాన్నా”, “అమ్మా” అని ఒక గొంతు వినబడినపుడు, చేతిలోని ఫోను దించి, రెండవమారు పిలిపించుకొనక వెళ్ళుట. అందుకు కుడిచేయి ఎత్తి గిరగిర తిరుగ నక్కరలేదు. లేచి నడచి వెళ్ళినను చాలును.